దిగుమతి దుస్తులకు కస్టమ్స్ కోడ్: బురఖా నుంచి ఫ్యాన్సీ డ్రెస్ దాకా

విదేశాల నుంచి వచ్చే ప్రతి వస్తువుకూ కస్టమ్స్ శాఖ దగ్గర ఒక నంబరు ఉంటుంది. దీన్నే హెచ్‌ఎస్ కోడ్ అంటారు. ఆ నంబరును బట్టే సుంకం ఎంతో తేలుతుంది. ఏ వస్తువు ఏ నంబరు కిందికి వస్తుందో నిర్ణయించే పనికి వర్గీకరణ అని పేరు. దుస్తుల విషయంలో ఇది చూసినంత తేలిక కాదు. ఒకే కొలత, ఒకే రంగు, ఒకే ధర ఉన్న రెండు హిజాబులు రెండు వేరు వేరు అధ్యాయాల్లో పడొచ్చు. పిల్లల వేషం డ్రెస్సు ఆటవస్తువుల పక్కన కాకుండా చొక్కాలు, ప్యాంట్ల వరుసలోకి పోవచ్చు.

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పీలేరు ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు కువైట్, దుబాయ్, సౌదీలతో రాకపోకలు ఉన్నాయి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్లు నాలుగు డబ్బులు పెట్టి బురఖాలు, అబాయాలు తెప్పించి ఇంటి దగ్గరే అమ్మడం మొదలుపెడుతుంటారు. రంజాన్ ముందు అంగళ్లవాళ్లు చెన్నై రేవు మీదుగా సరుకు తెప్పిస్తారు. ఇలాంటి చిన్న వ్యాపారానికి తప్పు కోడ్ పెద్ద దెబ్బ. సరుకు రేవులో ఆగిపోతే పండగ దాటిపోతుంది, గోదాము అద్దె పెరుగుతుంది. ఒక్కోసారి సరుకు అమ్ముడుపోయిన ఏడాది తర్వాత కూడా నోటీసు రావచ్చు.

కోడ్ ఎక్కడి నుంచి వచ్చింది?

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఈ పద్ధతిని తయారుచేసింది. 1988 జనవరి 1 నుంచి ఇది అంతర్జాతీయంగా అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు దీన్ని పాటించే దేశాలన్నిటికీ ఒకటే. ఆ తర్వాతి అంకెలను ఏ దేశానికి ఆ దేశం చేర్చుకుంటుంది. మన దేశంలో మొత్తం ఎనిమిది అంకెలు. ఇవన్నీ 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంటాయి.

మొదటి రెండు అంకెలు అధ్యాయాన్ని, నాలుగు అంకెలు శీర్షికను, ఆరు అంకెలు ఉపశీర్షికను చెబుతాయి. కుట్టిన దుస్తులు ముఖ్యంగా రెండు అధ్యాయాల్లో ఉంటాయి. అల్లిక బట్టతో చేసినవి 61లోకి, మగ్గం మీద నేసిన బట్టతో చేసినవి 62లోకి వస్తాయి. అల్లిక బట్ట అంటే బనియన్, టీ షర్టు గుడ్డ లాంటిది. దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉండి లాగితే సాగుతుంది. నేసిన బట్టలో పడుగు, పేక ఉంటాయి.

పేరు కాదు, బట్టే ముఖ్యం

వర్గీకరణకు ఆరు సాధారణ నియమాలు ఉన్నాయి. వాటిలో మొదటిది అన్నిటికన్నా ముఖ్యం: శీర్షికలో రాసిన మాటలు, విభాగానికీ అధ్యాయానికీ ఉన్న నోట్స్ ఏం చెబితే అదే చెల్లుతుంది. ఇన్‌వాయిస్ మీద ఏ పేరుందో, అంగట్లో దాన్ని ఏమంటారో, ఏ పండక్కి వేసుకుంటారో తర్వాతి మాట. అధికారి ముందుగా అడిగే ప్రశ్నలు ఇవి:

మొదటిది, అల్లిక బట్టా, నేసిన బట్టా?

రెండోది, దారం ఏది? కాటనా, పాలిస్టరా, విస్కోసా, పట్టా, ఉన్నా? రెండు మూడు రకాలు కలిసి ఉంటే బరువులో ఏది ఎక్కువో మొత్తం దానితో చేసినట్టే లెక్క. 60 శాతం పాలిస్టర్, 40 శాతం కాటన్ ఉన్న గౌను లెక్కకు పాలిస్టర్ గౌనే. నిదా పేరుతో అమ్మే అబాయా బట్ట ఎక్కువగా పాలిస్టరే. చేతికి మెత్తగా తగిలిందని దాన్ని కాటన్ అని రాస్తే తప్పవుతుంది.

మూడోది, మగవాళ్లదా, ఆడవాళ్లదా? ముందు భాగంలో ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తే మగవాళ్లదిగా, కుడి అంచు ఎడమ మీదికి వస్తే ఆడవాళ్లదిగా చూస్తారు. కత్తిరింపు చూస్తేనే ఎవరిదో స్పష్టంగా తెలిసిపోతే ఈ లెక్క అక్కర్లేదు. ఎవరిదో తేల్చలేకపోతే ఆడవాళ్ల శీర్షికలోనే పెడతారు.

నాలుగోది, ఎంత వయసు పిల్లలకు? 86 సెంటీమీటర్ల ఎత్తు మించని పసిపిల్లల బట్టలకు వేరే శీర్షికలు ఉన్నాయి. అల్లికవైతే 6111, నేసినవైతే 6209.

మన ఇళ్లలోని వస్తువులు ఎక్కడ పడతాయి?

హిజాబ్, స్కార్ఫ్, దుపట్టా: శాలువాలు, స్కార్ఫులు, ముసుగులకు రెండు శీర్షికలు ఉన్నాయి. అల్లికవి 6117లో, నేసినవి 6214లో. జెర్సీ హిజాబ్ అల్లిక బట్ట కాబట్టి 6117కు పోతుంది. షిఫాన్ హిజాబ్ నేసిన బట్ట కాబట్టి 6214కు పోతుంది. రెండూ ఒకే పెట్టెలో వచ్చినా బిల్లులో రెండు వరుసలుగా రాయాల్సిందే. తలకు తొడుక్కునేలా ముందే కుట్టేసిన రకాలను మళ్లీ విడిగా పరిశీలించాలి.

బురఖా, అబాయా: ఇక్కడే గొడవ ఎక్కువ. టారిఫ్‌లో శీర్షిక ఆ పేర్లతో ఉండదు. ఒంటిమీద గౌనులా వేసుకునే విధంగా కుట్టినదైతే గౌన్ల శీర్షిక 6204ను చూస్తారు. మిగతా బట్టల మీద పైవస్త్రంగా, ముందు తెరిచి ఉండేలా కుట్టినదైతే 6211 లేదా 6202 ప్రశ్న వస్తుంది. అల్లిక బట్టతో చేసినదైతే 6104, 6114 లాంటివి ముందుకొస్తాయి. అందుకే ఎలా తెరుచుకుంటుంది, లోపల వేరే బట్ట మీద వేసుకుంటారా, పొడవు ఎంత, అస్తరు ఉందా అన్న వివరాలు ఫొటోలతో సహా ఉంచుకోవాలి.

నమాజు టోపీ: అల్లిన టోపీలు, బట్టతో చేసిన టోపీలు 65వ అధ్యాయంలో, 6505 శీర్షికలో ఉంటాయి.

జానమాజ్: తివాచీ తరహాలో నేసినది 57వ అధ్యాయానికి వస్తుంది. ఆ అధ్యాయం మొదటి నోట్ ప్రకారం, నేలమీద పరిచే వస్త్రం లక్షణాలు ఉన్న వస్తువును వేరే పనికి ఉద్దేశించినా అక్కడే పెట్టాలి. పలుచని గుడ్డతో చేసినవాటిని విడిగా చూస్తారు.

లుంగీ, చీర, ధోవతి: కుట్టు లేని ఈ బట్టలను మన టారిఫ్ దుస్తులుగా కాకుండా బట్టగానే చూస్తుంది. కాటన్ బట్టల 52వ అధ్యాయంలో చీర, ధోవతి, లుంగీ అని పేర్లతోనే వరుసలు ఉన్నాయి. నగరి, పుత్తూరు మరమగ్గాల వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. వాళ్లు నేసేది కట్టుకోవడానికే అయినా కాగితం మీద అది బట్టే.

ఫ్యాన్సీ డ్రెస్: వేషమా, వస్త్రమా?

స్కూళ్లలో ఆగస్టు 15కు, బాలల దినోత్సవానికి వేషాల పోటీలు పెడతారు. తిరుపతి గంగమ్మ జాతరలో ఊరంతా వేషాలే. జాతర వేషాలు ఇక్కడి గుడ్డతో, ఇక్కడి చేతులతోనే తయారవుతాయి. అంగళ్లలో పాలిథిన్ కవర్లో వేలాడే సూపర్ హీరో డ్రెస్సులు, రాకుమారి గౌన్లు మాత్రం చాలావరకు బయటినుంచి వచ్చేవే. వీటిని దిగుమతి చేసుకునేటప్పుడు ఏ కోడ్ రాయాలి?

చాలామంది చేయి ముందుగా 9505 మీదికి పోతుంది. పండగ, కార్నివాల్, వినోద వస్తువుల శీర్షిక అది. బట్టతో చేసిన ఫ్యాన్సీ డ్రెస్ అందులోకి రాదు. 95వ అధ్యాయం మొదటి నోట్‌లోనే, 61, 62 అధ్యాయాలకు చెందిన వస్త్రాల ఫ్యాన్సీ డ్రెస్‌ను ఆ అధ్యాయం నుంచి తీసేశారు. 9505లో ఉండేవి వేషానికి పెట్టుకునే మాస్కులు, పెట్టుడు ముక్కులు, చెవులు, కాగితం టోపీల లాంటివి. అంటే ఒకే పెట్టెలో వచ్చినా ప్లాస్టిక్ మాస్కు దారి వేరు, బట్ట డ్రెస్సు దారి వేరు అయ్యే అవకాశం ఉంది.

బట్ట ఏదన్నదాన్ని బట్టి కూడా చోటు మారుతుంది. నేయకుండా, అల్లకుండా నారను అతికించి చేసే పలుచని నాన్‌వోవెన్ గుడ్డతో కుట్టినది 6210కు వస్తుంది. పూర్తిగా ప్లాస్టిక్ షీటుతో చేసిన తొడుగు బట్టే కాదు, అది 3926కు పోతుంది. కోటు, ప్యాంటు విడివిడిగా ఉంటే ఒకే ప్యాకెట్లో అమ్మినా మామూలుగా వేటి శీర్షిక వాటిదే. సూట్ల లాంటి జతలకు మాత్రం వేరే నిర్వచనాలు ఉన్నాయి.

అమెరికా కోర్టుల్లో రెండు తీర్పులు

ఈ ప్రశ్న మీద ప్రపంచంలో బాగా పేరుపడిన వివాదం అమెరికాలో నడిచింది. అక్కడ హాలోవీన్ పండగకు వేషాలు వేస్తారు. పండగ వస్తువుగా లెక్కిస్తే సుంకం సున్నా, దుస్తులుగా లెక్కిస్తే సుంకం పడుతుంది. అక్కడే వేషాలు తయారుచేసే రూబీస్ కాస్ట్యూమ్ కంపెనీ, బయటినుంచి వచ్చే బట్ట వేషాలను దుస్తులుగానే చూడాలని కోర్టుకెక్కింది. ఆ కేసులోని నమూనాల్లో మంత్రగత్తె, సముద్రపు దొంగ, జోకరు వేషాలతో పాటు అరబ్బు షేక్ వేషం కూడా ఉంది.

కింది కోర్టు రూబీస్ వాదనను ఒప్పుకుంది. 2003లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. పలుచగా, ఎక్కువకాలం మన్నని విధంగా, ఒక్క పండగకు సరదాగా వేసుకోవడానికి చేసినవి మామూలు దుస్తులు కావని, పండగ వస్తువులేనని చెప్పింది. అంటే దుబాయ్‌లో రోజూ వేసుకునే తోబ్ వస్త్రం, దాన్ని చూసి కుట్టిన నాసిరకం వేషం పండగ సామాను అని తేలింది.

2019లో అదే కంపెనీ ఇంకో వైపు నిలబడింది. ఈసారి అది దిగుమతిదారు. తాను తెప్పించిన శాంటా క్లాజ్ సూటు పండగ వస్తువని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. కోటు, ప్యాంటు బాగా కుట్టి ఉన్నాయి, మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు, కాబట్టి అవి దుస్తులేనంది.

ఈ రెండు తీర్పులు అమెరికా టారిఫ్ మీద వచ్చినవి. మన కస్టమ్స్ వాటికి కట్టుబడి ఉండదు. ‘పలుచగా ఉంది కాబట్టి పండగ వస్తువు’ అనే వాదన ఇక్కడ కూడా నెగ్గుతుందని అనుకుని సరుకు తెప్పించడం ప్రమాదం. అయితే ఆ కేసులు నేర్పేది ఒకటుంది. కోర్టు చూసింది వేషం పేరును కాదు. కుట్టు, అంచులు, బిగింపు, మన్నిక చూసింది. ఇక్కడి అధికారి కూడా వస్తువును చేతిలోకి తీసుకునే చూస్తారు.

సుంకం లెక్క ఎలా ఉంటుంది?

దిగుమతి మీద పడేవి మూడు. ఒకటి, మూల కస్టమ్స్ సుంకం. రెండు, ఆ సుంకం మీద 10 శాతం సామాజిక సంక్షేమ సర్‌ఛార్జి, ఇది 2018 బడ్జెట్‌తో వచ్చింది. మూడు, ఐజీఎస్టీ. 2018 జూలై, ఆగస్టు నెలల్లో కేంద్రం చాలా వస్త్ర ఉత్పత్తుల మీద మూల సుంకాన్ని 10 నుంచి 20 శాతానికి పెంచింది. కొన్ని దుస్తులకు ‘ఇంత శాతం లేదా ఒక్కోదానికి ఇన్ని రూపాయలు, ఏది ఎక్కువైతే అది’ అని కూడా రాసి ఉంటుంది. చవక సరుకు తెప్పించేవాళ్లను దెబ్బతీసేది ఈ రెండో లెక్కే.

ఉదాహరణకు 500 రూపాయల చొప్పున 200 గౌన్లు, మొత్తం విలువ 1,00,000 రూపాయలు అనుకుందాం. రేట్లు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే. మూల సుంకం 20 శాతమైతే 20,000. సర్‌ఛార్జి 2,000. ఇప్పుడు 1,22,000 మీద 5 శాతం ఐజీఎస్టీ 6,100. మొత్తం 28,100 రూపాయలు. అదే కోడ్‌లో ఒక్కోదానికి 135 రూపాయలు అని ఉంటే మూల సుంకం 27,000 అవుతుంది. సర్‌ఛార్జి 2,700, ఐజీఎస్టీ 6,485 కలిపి మొత్తం 36,185 రూపాయలు. కోడ్ మారితే ఒకే సరుకు మీద 8,085 రూపాయల తేడా. చిన్న అంగడికి ఒక నెల అద్దె అందులో పోవచ్చు.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కోటి 2,500 రూపాయల లోపు దుస్తులకు జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు కట్టిన ఐజీఎస్టీని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. మూల సుంకం, సర్‌ఛార్జి మాత్రం తిరిగి రావు. విలువ అంటే సరుకు ధర ఒక్కటే కాదు, రవాణా, బీమా ఖర్చులు కూడా కలుస్తాయి.

దుబాయ్‌లో కొంటే దుబాయ్ సరుకేనా?

భారత్, యూఏఈల మధ్య వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. దుబాయ్ నుంచి వస్తే సుంకం తగ్గుతుందని కొందరు అనుకుంటారు. తగ్గింపు దొరకాలంటే సరుకు ఒప్పందం నిబంధనల ప్రకారం యూఏఈలోనే తయారై ఉండాలి, ఆ మేరకు మూల ధ్రువపత్రం ఉండాలి. చైనాలో కుట్టిన అబాయాను దేరా బజారులో కొన్నంత మాత్రాన అది యూఏఈ సరుకు కాదు. 2020 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం సరుకు ఎక్కడ ఎలా తయారైందన్న సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి. సర్టిఫికెట్ ఒక్కటి చూపిస్తే సరిపోదు.

బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తుల విషయంలో 2025 మే నుంచి మరో పరిమితి ఉంది. అవి కోల్‌కతా, నవా శేవా రేవుల గుండానే రావాలి. చెన్నై రేవుకు నేరుగా తెప్పించడం కుదరదు.

సూట్‌కేసులో తెచ్చేవి, పార్సిల్లో వచ్చేవి

ఉమ్రా నుంచి, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు సొంతానికి, ఇంటివాళ్లకు తెచ్చుకునే బట్టలకు ఈ కోడ్ల తలనొప్పి ఉండదు. అవి లగేజీ నిబంధనల కిందికి వస్తాయి. వాడిన సొంత వస్తువులకు సుంకం లేదు. కొత్తవాటికి ఒక విలువ దాకా మినహాయింపు ఉంటుంది. 2016 నిబంధనల్లో అది ఒక్కో ప్రయాణికుడికి 50,000 రూపాయలుగా పెట్టారు. ఈ పరిమితి ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి ప్రయాణానికి ముందు కస్టమ్స్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవడం మేలు.

రెండు సంగతులు మరిచిపోకూడదు. ఒకరి మినహాయింపును ఇంకొకరి దాంట్లో కలపడం కుదరదు. భార్యాభర్తల ఇద్దరి పరిమితీ కలిపి ఒకే ఖరీదైన వస్తువుకు వాడుకుంటామంటే ఒప్పుకోరు. అలాగే ఒకే రకం అబాయాలు ముప్పై నలభై ఉంటే అది లగేజీ అనిపించుకోదు, వ్యాపార సరుకు అవుతుంది. అమ్మకానికి తెచ్చేవాళ్లు దిగుమతి, ఎగుమతి కోడ్ అయిన ఐఈసీ తీసుకుని, బిల్ ఆఫ్ ఎంట్రీ వేసి తెచ్చుకోవాలి.

కువైట్ నుంచి అన్న, అక్క కొరియర్‌లో పంపే బట్టలకు కూడా సుంకం ఉంటుంది. 2019 డిసెంబర్ నుంచి బహుమతి పేరుతో సుంకం లేకుండా తెప్పించుకునే వీలు రాఖీలకు, ప్రాణరక్షక మందులకు తప్ప తీసేశారు. సుంకం కట్టి తీసుకోవచ్చు.

తప్పు రాస్తే ఏమవుతుంది?

2011 నుంచి సుంకాన్ని ముందుగా లెక్కకట్టే బాధ్యత దిగుమతిదారుదే. క్లియరింగ్ ఏజెంటు కాగితాలు నింపినా, కోడ్ తప్పైతే నోటీసు వచ్చేది దిగుమతిదారు పేరుమీదే. పొరపాటున సుంకం తక్కువ కట్టి ఉంటే మామూలుగా 2 సంవత్సరాల లోపు నోటీసు ఇవ్వవచ్చు. కావాలని దాచిపెట్టారని, అబద్ధం రాశారని అంటే 5 సంవత్సరాల దాకా వెనక్కి వెళ్తారు. అప్పుడు సుంకంతో సమానంగా జరిమానా కూడా పడవచ్చు. వివరాలు సరిపోలని సరుకును జప్తు చేసే అధికారం కస్టమ్స్ చట్టంలోని 111వ సెక్షన్ ఇస్తుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. బట్ట వివరాలన్నీ నిజంగా రాసి, ఏ శీర్షిక అన్న దాంట్లో అభిప్రాయం వేరైతే అది వాదించుకోదగ్గ వివాదం. పాలిస్టర్‌ను కాటన్ అనడం, 500 గౌన్లను 300 అనడం అలాంటిది కాదు. మొదటి రకం వివాదంలో దిగుమతిదారును కాపాడేది నిజంగా రాసిన వివరణే.

అధికారి నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లోగా అప్పీళ్ల కమిషనర్ దగ్గరికి పోవచ్చు. ఆ తర్వాత ట్రిబ్యునల్ ఉంది. మొదటి అప్పీలుకు వివాదంలో ఉన్న సుంకంలో 7.5 శాతం ముందుగా కట్టాలి.

సరుకు తెప్పించక ముందే తేల్చుకునే దారి కూడా ఉంది. ఢిల్లీ, ముంబైలలో ఉన్న కస్టమ్స్ ముందస్తు తీర్పుల అథారిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు 10,000 రూపాయలు. మూడు నెలల్లో తీర్పు ఇవ్వాలి. పరిస్థితులు, చట్టం మారకపోతే అది కొన్నేళ్లు చెల్లుతుంది. ఒక్కసారి రెండు పెట్టెలు తెప్పించేవాళ్లకు ఇది భారమే. ఒకే రకం సరుకును ఏటా తెప్పించేవాళ్లకు, లేదా నలుగురైదుగురు అంగళ్లవాళ్ల కోసం ఒకరి పేరుతో దిగుమతి చేసేవాళ్లకు మేలు.

సరుకు బయల్దేరక ముందు చేతిలో ఉండాల్సినవి

ఒక్కో రకం నుంచి ఒక నమూనా, ముందూ వెనకా ఫొటోలు. తయారీదారు రాసిచ్చిన దారం శాతాలు, అల్లికా నేతా అన్న మాట. ఇన్‌వాయిస్‌లో ‘లేడీస్ డ్రెస్’ అనో ‘కాస్ట్యూమ్’ అనో ఒక్క మాటతో సరిపెట్టకుండా ‘ఆడవాళ్ల పొడవు పైవస్త్రం, నేసిన బట్ట, 100 శాతం పాలిస్టర్, ముందు భాగం తెరిచి ఉంటుంది’ లాంటి పూర్తి వివరణ. రకం వారీగా విడి సంఖ్య, విడి ధర. తయారైన దేశం పేరు. ఆ రోజుకు ఉన్న సుంకం రేటు, ఒక్కోదానికి ఇన్ని రూపాయలన్న షరతు ఉందో లేదో. ఏజెంటు రాసిన బిల్ ఆఫ్ ఎంట్రీని సమర్పించకముందే ఒకసారి చదువుకోవడం.

దారం శాతం మీద అనుమానం ఉంటే సరుకు ఆర్డర్ ఇవ్వకముందే నమూనాను ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు. ఆ ఖర్చు ఒక్కసారితో పోతుంది. రేవులో పెట్టె తెరిచాక అదే పరీక్ష కస్టమ్స్ చేయిస్తే ఫలితం వచ్చేదాకా సరుకు కదలదు, పండగ మాత్రం ఆగదు.